షుగర్ పడిపోతే దయ్యమన్నారు

సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ ప్రభువు పేరిట నా వందనాలు. సాక్ష్యం చెప్పడానికి కొందరు కన్నీళ్ళతో నిలబడతారు, కొందరు సంతోషంతో నిలబడతారు, నేను ఈ ఆదివారం కోపంతో నిలబడ్డాను. ఆ కోపం కొంత మీ మీద, కొంత మన పెద్దల మీద, ఎక్కువ భాగం నా మీదే. పూర్తిగా చెప్పమ్మా, మధ్యలో ఆపను అని పాస్టర్ గారు మాటిచ్చారు కాబట్టి మొదటినుంచీ చెప్తాను.

కొత్తగా వచ్చినవాళ్ళు ఉన్నారు, నేనెవరో వాళ్ళకు తెలియదు. నా పేరు దయామణి. మాది బాపట్ల దగ్గర ఒక పల్లె, పెళ్ళయ్యాక రహమత్ నగర్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మా ఆయన ప్రకాశం సినిమాల్లో లైట్‌మన్, నేను హెయిర్ డ్రెస్సర్‌ని. అమ్మ వేషాలు, అత్త వేషాలు వేసే నటీమణులకు జడలు వేయడం, సవరాలు కట్టడం, కొప్పులు పెట్టడం నా పని. తెర మీద ఆ కొప్పు మీకు కనిపిస్తుంది, అది చెదరకుండా పొద్దుటినుంచి సాయంత్రం దాకా దువ్వెన పట్టుకుని పక్కనే నిలబడ్డ మనిషి కనిపించదు, ఆ మనిషిని నేను.

నలభై దాటాక నాకు షుగర్ వచ్చింది. యూసుఫ్‌గూడలో ఒక చిన్న క్లినిక్‌లో ఐదేళ్ళు చూపించుకున్నాను. అక్కడి డాక్టరు గారు రిపోర్టు తిరగేసి, ఇంకా ఎక్కువే ఉందమ్మా అని బిళ్ళ డోసు పెంచి పంపేసేవారు. షుగర్ పెరిగితే కళ్ళు పోతాయి, కిడ్నీలు పోతాయి, కాలు తీసేయాల్సి వస్తుంది, బిళ్ళ ఒక్కపూట కూడా తప్పించొద్దు అని ప్రతిసారీ భయపెట్టారు. సరే, అది నిజమే, భయపెట్టాల్సిందే. కానీ షుగర్ బాగా తక్కువైపోతే ఏమవుతుందో ఆ ఐదేళ్ళలో ఆయన ఒక్క ముక్క చెప్పలేదు, ఈ బిళ్ళ ఎప్పుడు వేసుకుంటున్నావు, వేసుకున్నాక ఎంతసేపటికి తింటున్నావు అని ఒక్కసారి కూడా అడగలేదు. షుగర్ జబ్బున్నదానికి షుగర్ తగ్గితే మంచిదే కదా అని నేననుకున్నాను. మీలో చాలామంది ఇప్పటికీ అదే అనుకుంటున్నారని నాకు తెలుసు.

ఇక మా పని సంగతి. ఆరింటికి షూటింగ్ అంటే నేను ఐదింటికే ఇల్లు కదలాలి. లొకేషన్‌లో హడావుడిలో మర్చిపోతానేమోనని బిళ్ళ ఇంట్లోనే పరగడుపున మింగేసి బండి ఎక్కేదాన్ని, టిఫిన్ అక్కడ పెడతారు కదా అని. ఆ టిఫిన్ ఏడింటికి రావచ్చు, తొమ్మిదింటికి రావచ్చు, వచ్చినా ఒక్కోసారి ముందు అమ్మగారి జడ కానీ, నీ ఇడ్లీ ఎక్కడికీ పోదు అంటారు. తొమ్మిదింటప్పుడు నా చేతులు వణికేవి, చెమట పట్టేది, గుండె దడదడలాడేది, ఎవరి మీద పడితే వాళ్ళ మీద కసురుకునేదాన్ని, టిఫిన్ తినగానే అన్నీ సర్దుకునేవి. అలసట అనుకున్నాను, వయసు అనుకున్నాను. ఒంట్లో మందు తన పని తాను చేస్తోందని, దానికి పని చేయడానికి కడుపులో ఏమీ లేదని నాకు తెలియదు.

ఒకరోజు జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో షూటింగ్. ఇంటినంతా పూలతో పెళ్ళిల్లు చేశారు, యాభై మంది ఆర్టిస్టులు, పదకొండు దాటినా బ్రేక్ చెప్పలేదు. పెళ్ళికొడుకు తల్లి వేషం వేసే ఆవిడకు నేను కొప్పు చుడుతున్నాను. చల్లటి గదిలో నా జాకెట్టు తడిసిపోయింది, ఆవిడ తల అద్దంలో రెండుగా కనిపిస్తోంది, పిన్ను ఎక్కడ దిగుతోందో తెలియలేదు, నెత్తికి గుచ్చుకుని ఆవిడ కేక పెట్టింది. క్షమించమని అడగాల్సింది పోయి, కదిలితే గుచ్చుకోదా, కదలకుండా కూచోలేవా అని నేను ఆవిడని ఏకవచనంలో అన్నానట. ఆ మాట అన్నట్టు నాకు ఈ రోజుకీ గుర్తు లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు తర్వాత చెప్పారు.

మేనేజరు వచ్చాడు. "ఏందమ్మా, పొద్దుగాల్నే ఏస్కొచ్చినవా? మాటలు గిట్ల ముద్దముద్దగ వస్తున్నయేంది?" అన్నాడు.

తాగలేదు బాబూ అని చెప్పబోయాను, నాలుక తిరగలేదు. అది చూసి ఆయనకు ఇంకా రూఢి అయిపోయింది. నా పెట్టె నా చేతికిచ్చి వెనక గేటు దాకా నడిపించి బయటికి పంపేశారు. సహోదరులారా, ఆ బంగళాలో ఎంతమంది ఉన్నారో ఆలోచించండి, ఏళ్ళ తరబడి నాతో పనిచేసినవాళ్ళే, ఒక్కరంటే ఒక్కరు అమ్మా ఏమైనా తిన్నావా అని అడగలేదు. నా నోరు వాసన వస్తోందో లేదో చూడ్డానికి దగ్గరికి కూడా రాలేదు, దూరం నుంచే తీర్పు చెప్పేశారు.

ఆ ఎత్తు రోడ్డు ఎలా దిగానో తెలియదు, కింద టీ బండి దగ్గర కూలబడ్డాను. మామూలుగా చక్కెర లేకుండా ఇవ్వమని అడుగుతాను, ఆ రోజు అడిగే శక్తి లేదు, అతను కలిపింది కలిపినట్టే రెండు టీలు తాగాను. కాసేపటికి కళ్ళ ముందు మబ్బు విడిపోయినట్టు అయింది, రోడ్డు రోడ్డులా కనిపించింది, నేనెక్కడున్నానో తెలిసి ఏడుపొచ్చింది. నేను బాగైపోయాను కాబట్టి నేను చెప్పింది ఎవరూ నమ్మలేదు, మత్తు దిగిపోయిందిలే అన్నారు. దయామణి తాగొస్తుందట అన్న మాట సినిమావాళ్ళుండే కృష్ణానగర్ అంతా తిరిగింది, మూడు వారాలు నన్ను ఎవరూ పనికి పిలవలేదు.

అప్పుడు నేను రత్నమణి అక్క దగ్గరికి వెళ్ళాను. మన ప్రార్థన బృందం నడిపించే అక్క, అదిగో అక్కడే కూర్చుంది, నీ పేరు చెప్తాను అక్కా అని ముందే అడిగాను, చెప్పమంది. నాకు జ్వరమొస్తే గంజి కాచి మూడంతస్తులు ఎక్కి తెచ్చిన మనిషి ఆమె, ఆమె ప్రేమ గురించి నాకు సందేహం లేదు. నేను జరిగిందంతా చెప్పి, అక్కా, నా నోటినుంచి నావి కాని మాటలు వస్తున్నాయి, నాకే తెలియకుండా వస్తున్నాయి అని ఏడ్చాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, "ఇది మామూలు జబ్బు కాదు చెల్లీ, నీ మీద ఏదో పనిచేస్తోంది. మూడు రోజులు ఉపవాసం ఉందాం, మేమూ నీతో ఉంటాం" అంది.

నేను అన్నం మానాను, బిళ్ళ మానలేదు. డాక్టరు గారు ఒక్కపూట కూడా తప్పించొద్దన్నారు కదా. బిళ్ళ వేసుకుంటున్నావా అని అక్క అడగలేదు, నేనూ చెప్పలేదు, అది చెప్పాల్సిన సంగతని ఇద్దరికీ తెలియదు.

రెండో రోజు పొద్దున పదింటికి మా ఇంట్లో ప్రార్థన బృందం అక్కచెల్లెళ్ళు ఏడుగురు కూర్చుని ప్రార్థన చేస్తున్నారు, మా ఆయన షూటింగ్‌కి వెళ్ళాడు. నాకు చెమటలు మొదలయ్యాయి. తర్వాత నవ్వొచ్చింది, ఊరికే నవ్వు, ఆపుకోలేని నవ్వు. చనిపోయిన మా అమ్మని పేరు పెట్టి పిలిచానట, రత్నమణి అక్కని రెండు చేతులతో తోసేశానట. ఇంకేముంది, దయ్యం బయటపడింది అన్నారు. ఇద్దరు నా చేతులు పట్టుకున్నారు, ఒకరు జుట్టు పట్టుకున్నారు, నెత్తి మీద నూనె పోశారు, నీ పేరేంటి, ఎక్కడినుంచి వచ్చావు, చెప్పు అని చెంప మీద కొట్టారు. ఆ మాటలు నాకు ఎక్కడో బావి పైనుంచి వినిపిస్తున్నట్టు వినిపించాయి. నా పేరు దయామణి అని చెప్పాలనుకున్నాను, నా పేరు నాకు దొరకలేదు.

ఆ అరుపులకి ఎదురింటి యాదమ్మ వచ్చింది. యాదమ్మ మన సంఘం మనిషి కాదు, ప్రభువుని ఎరగదు, ఏటా అమ్మవారికి బోనం ఎత్తుతుంది. వాళ్ళాయనకు షుగర్, రోజూ ఇన్సులిన్ సూది వేసుకుంటాడు. ఆమె గుమ్మంలో నిలబడి నన్ను ఒక్కసారి చూసింది.

"ఏందమ్మా గిది? గామె చెమట జూడుండ్రి, చీరంత తడిసింది. మా ఆయనకు గిట్లనే అయితది. షుగర్ పడిపోయింది. జర జరుగుండ్రి" అంది.

"ప్రార్థన జరుగుతోంది తల్లీ, అడ్డు రావద్దు" అంది రత్నమణి అక్క.

"మీ ప్రార్థన మీరు జేస్కోండ్రి, ఎవలొద్దన్నరు? నన్ను జర చెక్కరనీళ్ళు తాపనియ్యుండ్రి."

అడిగింది గానీ వాళ్ళు ఒప్పుకునేదాకా ఆగలేదు. గ్లాసులో నాలుగు చెంచాల చక్కెర కలిపి తెచ్చి, "దయమ్మా, ఇటు జూడు, మింగుతవా? జర జర మింగు" అని నేను గుటక వేస్తున్నానో లేదో చూసుకుంటూ కొంచెం కొంచెంగా పట్టించింది. పావుగంట ఆగింది, నేనింకా తెరిపిన పడలేదని ఇంకో గ్లాసు కలిపింది. చూస్తుండగానే నాకు ఇల్లు కనిపించింది, మనుషులు కనిపించారు, నా జుట్టంతా నూనె ఎందుకైందక్కా అని అడిగాను. యాదమ్మ వాళ్ళింటినుంచి అన్నం, పప్పు తెచ్చి నా ముందు పెట్టి తినేదాకా కూర్చుంది. అటుపక్క స్తోత్రాలు, చప్పట్లు, వదిలిపోయింది, వదిలిపోయింది అని. యాదమ్మ తన గ్లాసు తను కడుక్కుని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం నేను ఇక్కడ నిలబడి సాక్ష్యం చెప్పాను, మీలో చాలామంది విన్నారు. దయ్యం వదిలిందని చెప్పాను. యాదమ్మ పేరు చెప్పలేదు, చక్కెరనీళ్ళ సంగతి చెప్పలేదు. ఆ సంగతి ఎందుకులే చెల్లీ, దేవుని మహిమ తగ్గించినట్టు ఉంటుంది అని అక్క ముందే చెప్పింది, నిజమే గానీ, నేనేం చిన్నపిల్లని కాదు. యాదమ్మ చెప్పింది నా చెవులతో విన్నాను. ఎందుకు దాచానంటే, తాగుబోతు అన్న పేరు కంటే దయ్యం వదిలిన మనిషి అన్న పేరు నాకు గౌరవంగా అనిపించింది. మీరు చప్పట్లు కొడుతుంటే హాయిగా అనిపించింది. ఆ హాయిలో ఇంకో మాట కూడా అనేశాను, ఉపవాసం ఉంటే ఈ శరీరాన్ని దేవుడే నిలబెడతాడు, మీరెవరూ భయపడకండి అని. ఎవరూ నన్ను అనమనలేదు ఆ మాట. దాని గురించి తర్వాత చెప్తాను.

నెల తిరక్కుండానే నేను మళ్ళీ పడిపోయాను, ఈసారి వంటగదిలో, పొద్దున్నే, బిళ్ళ వేసుకుని టిఫిన్ చేయకుండా బట్టలు ఉతుకుతూ ఉండిపోయిన రోజు. మా ఆయన ఇంట్లో ఉన్నాడు కాబట్టి బతికాను. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి లేడీ డాక్టరు గారు వేలు గుచ్చి చూస్తే షుగర్ ముప్పై ఎనిమిది ఉందట, డెబ్భైకి దిగితేనే తక్కువ అంటారు. నరంలోకి గ్లూకోజ్ ఎక్కించగానే లేచి కూర్చున్నాను, ఇంటికి వెళ్ళిపోతానన్నాను. ఆవిడ వెళ్ళనివ్వలేదు. రెండు గంటల తర్వాత మళ్ళీ గుచ్చి చూస్తే మళ్ళీ పడిపోతోంది. నా కిడ్నీలు కొంచెం బలహీనపడ్డాయట, ఆ బిళ్ళ ఒంట్లోంచి త్వరగా పోదట, అది ఉన్నంతసేపూ షుగర్‌ని కిందికి లాగుతూనే ఉంటుందట. మర్నాటి దాకా ఉంచుకున్నారు.

ఆవిడ నా మంచం పక్కన కూర్చుని అంతా అడిగింది. పిన్ను గుచ్చుకోవడం, నవ్వడం, తోసేయడం, అన్నీ చెప్పాను. "మెదడుకు కావలసింది చక్కెరేనమ్మా. అది అందకపోతే మనిషి తాగినవాళ్ళలా మాట్లాడతారు, కోప్పడతారు, నవ్వుతారు, ఏడుస్తారు, ఫిట్స్ కూడా వస్తాయి. ఐదేళ్ళుగా ఈ మందు వాడుతున్నారు, ఇదంతా మీకెవరూ చెప్పలేదా?" అంది. లేదన్నాను. ఆవిడకి ఎంత కోపమొచ్చిందంటే చేతిలో కాగితాలు బల్ల మీద పడేసింది. నా తరఫున ఒక మనిషికి కోపం రావడం అదే మొదటిసారి సహోదరులారా, అది చూసి నేను ఏడ్చాను.

ఆ బిళ్ళలు తీసి చెత్తబుట్టలో పారేస్తానండీ అన్నాను. "పారేస్తే మళ్ళీ అటువైపు ప్రమాదం. మందు మీద కోపం వద్దు. తిండి లేకుండా మింగడమే ప్రమాదం" అని, నాకు సరిపడే వేరే మందు రాసి, పళ్ళెం ముందు పెట్టుకున్నాకే వేసుకోమంది. వణుకు, చెమట, దడ వచ్చిన వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్ళలో కలుపుకుని తాగమంది, పావుగంటకి తగ్గకపోతే మళ్ళీ తాగమంది, తగ్గాక తప్పకుండా ఏదైనా తినమంది. నీతో పనిచేసేవాళ్ళకి ముందే చెప్పి ఉంచు, పడిపోయాక నువ్వు చెప్పలేవు అంది. మా ఆయన అన్నీ బుద్ధిగా విని, ఆవిడ వెళ్ళాక నా పాదాల దగ్గర కూర్చుని, "ఆ జూబ్లీహిల్స్ రోజున నువ్వు తాగావేమోనని నేను కూడా ఒక్క క్షణం అనుకున్నాను మణీ" అన్నాడు. ఆ మాటకి నాకు కోపం రాలేదు. నిజం చెప్పిన మొదటి మనిషి అతనే.

ఆస్పత్రినుంచి వచ్చాక పాస్టర్ గారి దగ్గరికి వెళ్ళి, అయ్యగారూ, నేను తప్పుడు సాక్ష్యం చెప్పాను, దిద్దుకుంటాను, ఒక ఐదు నిమిషాలు ఇవ్వండి అన్నాను. "ఇప్పుడు చెప్తే విశ్వాసుల మనసులు చెదురుతాయమ్మా, సమయం వచ్చినప్పుడు చూద్దాం" అన్నారు. పాస్టర్ గారూ, మీ ముందే చెప్తున్నాను, ఆ మాట తప్పు. కానీ ఆ మాట విని నాకు లోపల్లోపల ఎంత తేలికైందో దేవుడికి తెలుసు. నాలుగు నెలలు నోరు మూసుకున్నాను.

ఇక జకరయ్య తాత సంగతి. ఆయన మెదక్ వైపు మనిషి, నలభై ఏళ్ళు సినిమా సెట్లలో వడ్రంగం చేశాడు, ప్లైవుడ్‌తో రాజుల కోటలు కట్టాడు, ఈ చర్చి బల్లలు కూడా సగం ఆయన చేసినవే. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇన్సులిన్ వేసుకుంటాడు. పోయిన నెల ఉపవాస ప్రార్థన శుక్రవారం నాడు నాకు పని ఆలస్యంగా అయి పన్నెండింటికి వచ్చాను. లోపల చివరి వరసలో గుంపు కట్టి ఉన్నారు. గుంపుని తోసుకుని వెళ్తే కింద జకరయ్య తాత. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, పళ్ళు బిగుసుకున్నాయి, చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. రత్నమణి అక్క ఆయన తల మీద చెయ్యి పెట్టి దయ్యాన్ని గద్దిస్తోంది.

"ఎంతసేపైంది?" అన్నాను. గంట దాటింది అన్నారు. గంట. ఈ రోడ్డు చివర ఆస్పత్రి ఉంది.

ఆయన సంచిలో చెయ్యి పెడితే సూది, ఇన్సులిన్ సీసా దొరికాయి. నా సంచిలో గ్లూకోజ్ పొడి ఉంది. అది చూసి ఎవరో, అయితే కలిపి నోట్లో పోసెయ్ అక్కా అన్నారు. వద్దన్నాను. మింగలేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పక్కకి తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి అని డాక్టరు గారు నాకు మరీ మరీ చెప్పింది. ఆయన్ని పక్కకి తిప్పాను.

రత్నమణి అక్క నా చెయ్యి పట్టుకుని, "ప్రార్థన మధ్యలో ఆపకూడదు చెల్లీ. నీకు వదిలింది కూడా ఇలాగే కదా" అంది.

"నాకు వదిలింది యాదమ్మ చక్కెరనీళ్ళకి" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు, ముందు వరసలవాళ్ళు కూడా వెనక్కి తిరిగారు. "నాకు దయ్యం లేదు. ఈయనకీ లేదు. షుగర్ పడిపోయింది. లేపండి."

పాస్టర్ గారు వేదిక దిగి వచ్చి, ఆయన్ని తన రెండు చేతుల మీద ఎత్తుకుని కారు దాకా తీసుకెళ్ళారు. ఆ కారులో తాత తల నా ఒళ్ళో పెట్టుకుని, ప్రభువా, నా అబద్ధానికి ఈ ముసలాయన ప్రాణం తీసుకోవద్దు, శిక్ష నాది, నాకే ఇవ్వు అని ప్రార్థన చేశాను. నా జీవితంలో నేను నిజంగా చేసిన ప్రార్థన అది ఒక్కటే అనిపిస్తుంది.

ఆయన ప్రాణం నిలబడింది, దేవునికి స్తోత్రం. మర్నాడు మధ్యాహ్నం కళ్ళు తెరిచాడు. రెండు రోజుల తర్వాత నేను దగ్గర కూర్చుని, తాతా, సూది వేసుకుని తినకుండా ఎందుకున్నావు అని అడిగాను. ఆయన చాలాసేపు మాటలు వెతుక్కుని, "నువ్వే జెప్పినవ్ గద బిడ్డా, ఉపాసముంటే దేవుడే నిలబెడ్తడని. సూది బంద్ జెయ్యొద్దని డాక్టరన్నడు, దేవుని మాట నువ్వు జెప్పినవ్. రెండూ ఇన్న" అన్నాడు. నా మీద కోపంతో అనలేదు. అడిగిన దానికి జవాబు చెప్పాడు, అంతే.

సహోదరులారా, జకరయ్య తాతకి ఇప్పుడు కొన్ని మాటలు గుర్తు రావడం లేదు. అంతసేపు మెదడుకు చక్కెర అందకపోతే అలా జరగవచ్చని, కొంత తిరిగి రావచ్చని, కొంత రాకపోవచ్చని డాక్టర్లు అన్నారు. మొన్న వాళ్ళింటికి వెళ్తే ఉలి చేతిలో పట్టుకుని, "దీని పేరేంది బిడ్డా?" అని అడిగాడు. నలభై ఏళ్ళు ఆ చేతిలో ఉన్న వస్తువు. దీనివల్ల ఎవరికి మహిమ వచ్చింది, మీరే చెప్పండి. మనం గద్దించింది ఏ ఆత్మని, ఆకలితో వణికిపోతున్న ముసలాయన్ని కదా. చనిపోయిన చిన్నదాన్ని లేపాక మన ప్రభువు ఆ ఇంటివాళ్ళకి ఏం చెప్పాడో మీకందరికీ తెలుసు, ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. అంత శక్తి చూపించిన చేతికి అన్నం సంగతి గుర్తుంది. మనకి గుర్తులేదు.

తాతని ఆస్పత్రిలో చేర్చిన సాయంత్రమే నేను యాదమ్మ గుమ్మం ముందు నిలబడి, నీ పేరు దాచి అబద్ధం చెప్పాను, క్షమించమని అడిగాను. ఆమె బియ్యం ఏరుకుంటూ, "గా దినం నీ పానం నిల్సింది, సాలు. పేరెవలిదైతే ఏంది?" అంది. నాకు దేవుడు పంపిన మనిషిని నేను ఆ రోజు గ్లాసు కడుక్కుని పోనిచ్చాను.

నా కోపం అంతా చెప్పేశాను కాబట్టి ఇప్పుడు కృతజ్ఞత చెప్తాను. నా దేవుడు నన్ను విడిపించాడు. తెలియనితనంనుంచి విడిపించాడు, అంతకంటే గట్టిగా పట్టుకున్న నా అబద్ధంనుంచి విడిపించాడు, వంటగది నేల మీదినుంచి లేపాడు, ఒక బోనమెత్తే ఆడమనిషి చేత, నా కోసం కోప్పడిన ఒక డాక్టరమ్మ చేత లేపాడు. నేను మళ్ళీ పనికి వెళ్తున్నాను. లొకేషన్‌లో అడుగు పెట్టగానే, నాకు షుగర్ ఉంది, నేను తేడాగా మాట్లాడితే నా సంచిలో గ్లూకోజ్ ఉంది, కలిపి ఇవ్వండి, మింగలేకపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళండి అని చెప్తాను. మొదట్లో నవ్వారు. ఇప్పుడు తొమ్మిది దాటితే వాళ్ళే, అక్కా తిన్నావా అంటున్నారు.

పాస్టర్ గారు, రత్నమణి అక్క, నేను ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. షుగర్ బిళ్ళలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు డాక్టరుని అడక్కుండా ఇకమీదట ఉపవాసం ఉండకూడదు, మందు వాళ్ళంతట వాళ్ళు మానకూడదు. తిని వచ్చి ప్రార్థన చేయండి, కడుపు నిండినవాడి ప్రార్థన కూడా దేవుడు వింటాడు. ఎవరైనా పడిపోతే ముందు వేలు గుచ్చి షుగర్ చూసి, చేయాల్సింది చేశాకే తల మీద చెయ్యి పెడతామని అక్క నాతో చెప్పింది, అది చెప్తూ ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

దేవుణ్ణి నమ్ముకోండి సహోదరులారా, గట్టిగా నమ్ముకోండి, నన్ను వదలని దేవుడు మిమ్మల్నీ వదలడు, ఆయనకే మహిమ కలగాలి. మీలో షుగర్ మందు వేసుకుని, ఆరాధన అయ్యాక తిందాంలే అని పరగడుపున వచ్చి కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, సిగ్గుపడకండి, ఆమెన్ దాకా ఆగకండి. వెనక గదిలో మా ఆయన ఉప్మా పెట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడే లేవండి, వెళ్ళి తినిరండి. మీరు వచ్చేదాకా మేం పాట మొదలుపెట్టం.